కోర్టు చెప్పే న్యాయం, మనం అడిగే న్యాయం

ప్రోనోటు సంగతితో మొదలుపెడదాం. పక్క పొలం రైతుకి రెండు లక్షలు అప్పిచ్చారు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం ఉంది, సాక్షులున్నారు, నూటికి రెండు రూపాయల వడ్డీ అని రాసుకున్నారు. ఈ పంటకి ఇస్తా, వచ్చే పంటకి ఇస్తా అంటూ మూడేళ్ళు దాటిపోయాయి. విసిగిపోయి లాయరు దగ్గరికి వెళ్తే ఆయన నోటు తిప్పి చూసి, వెనక చెల్లు (ఎంతో కొంత కట్టినట్టు రాసిన రాత) ఏమీ లేదని గమనించి, "కాలదోషం పట్టిందండీ" అంటాడు. అప్పు తీసుకున్నవాడు తీసుకోలేదని అనడం లేదు. ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా కోర్టు డిక్రీ ఇవ్వదు.

మనకి ఇది పచ్చి అన్యాయం. లాయరుకి రోజూ చూసే వ్యవహారం. 1963 నాటి కాలపరిమితి చట్టం ఇలాంటి అప్పుకి మూడేళ్ళే గడువిచ్చింది. గడువు దాటాక దావా వేస్తే, అవతలివాడు ఆ మాట ఎత్తకపోయినా సరే, జడ్జి తనంతట తనే కొట్టేయాలి. తమాషా ఏమిటంటే, చట్టం దృష్టిలో కూడా బాకీ రద్దు కాదు. కోర్టుకెళ్ళి వసూలు చేసుకునే దారి ఒక్కటే మూసుకుపోతుంది. పాత బాకీ తీరుస్తానని అప్పున్నవాడు కొత్తగా రాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను కింద ఆ రాత చెల్లుతుంది. అందుకే తెలిసినవాళ్ళు మూడేళ్ళు నిండకముందే ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక అప్పున్నవాడి చేతే చెల్లు రాయించి సంతకం తీసుకుంటారు. ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళ గడువు మొదలవుతుంది.

అసలు గడువెందుకు? ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరో ఒక నోటు తెచ్చి మీ నాన్న రాసిందే అంటే, తీర్చేశామని చూపించడానికి మీ దగ్గర రసీదు ఉంటుందా? సాక్షులు బతికుంటారా? ఈ భయం లేకుండా మనుషులు నిద్రపోవాలని చట్టం ఒక గీత గీసింది. ఆ గీత దొంగ నోటు బారి నుంచి ఒకరిని కాపాడుతుంది, నిజం నోటున్న ఇంకొకరిని ముంచుతుంది. ఎవరి నోటు నిజమో ముందే తెలిస్తే గీతతో పనే లేదు. తెలియదు కాబట్టే గీత.

చిక్కంతా ఇక్కడే ఉంది. మామూలుగా మనం న్యాయం అన్నప్పుడు చూసేది ఫలితాన్ని. ఎవరికి రావాల్సింది వాళ్ళకి వచ్చిందా, తప్పు చేసినవాడు అనుభవించాడా, అంతే. కోర్టు హామీ ఇచ్చేది పద్ధతిని. ఇద్దరి మాటా వింటాను, అందరికీ ఒకే నియమం పెడతాను, నా ముందు పెట్టిన సాక్ష్యాన్ని బట్టే చెబుతాను, ఎందుకలా చెప్పానో రాసి ఇస్తాను అంటుంది. మంచి పద్ధతి పాటిస్తే చాలాసార్లు మంచి ఫలితమే వస్తుందని దాని నమ్మకం. ప్రతిసారీ వస్తుందని అది ఎప్పుడూ అనలేదు. మనం మాత్రం అలా అందని అనుకుని మెట్లెక్కుతాం. పద్ధతి ఖరీదు కూడా తక్కువేం కాదు. డిక్రీ చేతికొచ్చాక డబ్బు రావడానికి మళ్ళీ ఈపీ (డిక్రీ అమలు చేయించమనే పిటిషను) వేయాలి, ఆస్తి జప్తు చేయించాలి, వాయిదాలు తిరగాలి. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత ఊరికే పుట్టలేదు.

మన వాడుకలో ఈ మాట పరిధి కూడా చాలా పెద్దది. నటుడు పాత్రకి న్యాయం చేస్తాడు, బేరంలో న్యాయమైన ధర ఉంటుంది. చావు ఇంట్లో "మమ్మల్ని అన్యాయం చేసి పోయావా" అని ఏడుస్తారు. అక్కడ నేరస్తుడెవరూ లేడు. గుండెపోటుతో పోయిన మనిషి ఎవరికీ అపకారం చేయలేదు. అయినా ఆ ఏడుపు అబద్ధం కాదు, మిగిలినవాళ్ళ బతుకు నిజంగానే తలకిందులైంది. చట్టానికి ఇంత పెద్ద మనసు లేదు. ఒక హక్కు ఉండాలి, దాన్ని ఎవరో ఒకరు భంగపరచి ఉండాలి, దానికి పరిహారమో శిక్షో చట్టంలో ఉండాలి. ఈ మూడూ కుదరకపోతే ఎంత కష్టమైనా అది కేసు కాదు. ఒకటి రెండు చోట్ల చట్టం కాస్త దిగివచ్చింది. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షను కింద రోడ్డు ప్రమాదంలో మనిషి పోతే, తప్పు డ్రైవరుదని రుజువు చేయనక్కర్లేకుండానే 5 లక్షల రూపాయలు ఇవ్వాలి. తప్పెవరిదో తేలకపోయినా ఒక ఇల్లు నష్టపోయిందని అక్కడ చట్టం ఒప్పుకుంటుంది.

పద్ధతి పద్ధతి అని ఇంత పట్టుబట్టడం ఎందుకు, పెద్దమనుషులు కూర్చుని చెబితే పోదా అని చాలామంది అంటారు. రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్ళకి ఇద్దరూ తెలుసు. ఎవడు తాగి తగలేశాడు, ఎవడి కూతురి పెళ్ళి ఆగిపోయింది, ఎవడు ఎంత భరించగలడు, అన్నీ తెలుసు. వడ్డీ వదిలేసి అసలు కట్టమంటారు, సాయంత్రానికి తేలిపోతుంది. కోర్టుకి ఆ తెలివి లేదు. కానీ పంచాయితీ బలమే దాని జబ్బు కూడా. ఎవరు ఏ కులమో, ఎవరి వెనక ఎవరున్నారో కూడా వాళ్ళకి తెలుసు. చెప్పిన తీర్పు నచ్చకపోతే పైకి వెళ్ళే దారి లేదు. నిజామాబాద్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలు మాట వినని కుటుంబాలను, కులాలను వెలివేసిన సంగతులు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. కిరాణా కొట్టులో సరుకు ఇవ్వొద్దు, మాట్లాడితే జరిమానా అంటారు. ఆ ఊరి పెద్దల దృష్టిలో అది కూడా న్యాయమే మరి.

పద్ధతి అంటే ఏమిటో తెలియాలంటే నాకు తెలిసినంతలో మన కృష్ణా జిల్లా బస్సుల కేసుని మించింది లేదు. లా కాలేజీల్లో దేశమంతా దీన్ని చదువుతారు, మన దగ్గర మామూలు జనానికి తెలిసింది తక్కువ. 1958 జనవరిలో ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సులు తిరుగుతున్న రూట్లను తనే తీసుకుంటానని పథకం ప్రకటించింది. అభ్యంతరాలుంటే చెప్పుకోమని చట్టం బస్సుల యజమానులకి అవకాశం ఇచ్చింది. వాళ్ళు చెప్పుకున్నారు. రవాణా శాఖ బాధ్యతలు చూస్తున్న కార్యదర్శి కూర్చుని విన్నారు. ఆ కాగితాలు పైకి వెళ్ళాయి. రవాణా శాఖ ముఖ్యమంత్రి చేతిలో ఉండేది. ఆయన పథకానికి ఆమోదం తెలిపారు. గుల్లపల్లి నాగేశ్వరరావు, ఇంకొందరు ఆపరేటర్లు సుప్రీంకోర్టుకెక్కారు.

1958 నవంబరులో వచ్చిన మెజారిటీ తీర్పు రాసింది కోకా సుబ్బారావు గారు. రాజమండ్రి మనిషి, ఆంధ్ర హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన పట్టుకున్న తప్పులు రెండు. ఒకటి, విన్నది ఒకరు, నిర్ణయించింది ఇంకొకరు. ఎదురుగా కూర్చుని వాదించే మనిషి నిర్ణయం తీసుకునేవాడి సందేహాలు అక్కడికక్కడే తీర్చాలి. ఒకరు విని, వేరొకరు తేల్చేటట్టయితే ఆ వినడం ఉత్త తంతు. రెండోది, విన్న కార్యదర్శి ఏ శాఖ మనిషి? ఈ గొడవలో ఒక పక్షమైన రవాణా శాఖ మనిషే. తన తగువులో తానే తీర్పరి కాకూడదు. ఈ రెండు కారణాలతో ఆ ఉత్తర్వు చెల్లకుండా పోయింది.

తర్వాత జరిగింది మరీ ఆసక్తిగా ఉంటుంది. మళ్ళీ విచారణ పెట్టారు, ఈసారి ముఖ్యమంత్రే స్వయంగా విన్నారు, మళ్ళీ ఆమోదించారు. ఆపరేటర్లు మళ్ళీ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ముఖ్యమంత్రికి పక్షపాతం ఉందన్న వాదన ఈసారి నిలబడలేదు. మరి మొదటిసారి గెలిచి వాళ్ళు సాధించిందేమిటని అడగొచ్చు. బస్సుల లెక్కన చూస్తే పెద్దగా ఏమీ లేదు. కానీ ఆ కేసు తర్వాత ఈ దేశంలో ఏ అధికారైనా మీ రేషన్ డీలర్‌షిప్ రద్దు చేయాలన్నా, ఉద్యోగం పీకేయాలన్నా, ముందు నోటీసు ఇచ్చి, మీ మాట విని, విన్నవాడే తేల్చాలని అడిగే హక్కు మరింత గట్టిపడింది. లాయర్లు దీన్నే సహజ న్యాయం అంటారు. పేరు వినగానే ఏదో దేవుడిచ్చిన న్యాయం అనిపిస్తుంది గానీ, దాని అర్థం ఇంతే: చెప్పుకోనివ్వాలి, చెప్పుకున్నదాన్ని పక్షపాతం లేనివాడు వినాలి. అధికారి చివరికి మీకు వ్యతిరేకంగానే రాసినా సహజ న్యాయం జరిగినట్టే లెక్క. మామూలు మనిషి ఒప్పుకోలేనిది ఇక్కడే.

ఈ రెండు అర్థాలూ ఢీకొన్న రోజు 2019 డిసెంబరు 6. అంతకు కొద్ది రోజుల ముందు, నవంబరు 27 రాత్రి, శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. రాష్ట్రం ఉడికిపోయింది. ఆరో తేదీ తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, స్వీట్లు పంచారు. ఎవరి నోట విన్నా "న్యాయం జరిగింది" అన్న మాటే. మర్నాడు అప్పటి ప్రధాన న్యాయమూర్తి బోబ్డే జోధ్‌పూర్‌లో మాట్లాడుతూ, న్యాయం అప్పటికప్పుడు జరిగిపోయేది కాదని, పగగా మారితే అది న్యాయమే కాకుండా పోతుందని అన్నారు. పూలు చల్లినవాళ్ళలో ఎంతమందికి అది నచ్చి ఉంటుంది?

సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను హత్య కేసులో విచారించాలని అది చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. ఆ రోజు పూలు చల్లిన జనాన్ని నేను తిట్టను. ఏళ్ళ తరబడి సాగే విచారణలు చూసి చూసి విసిగినవాళ్ళు వాళ్ళు. ఆ కోపాన్ని కాగితం మీద పెట్టే ప్రయత్నం కూడా జరిగింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, ఆ పశువైద్యురాలికి పెట్టిన మారుపేరుతో, దిశ బిల్లు పాస్ చేసింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ పూర్తి చేయాలని అందులో రాశారు. ఫోరెన్సిక్ ల్యాబులో నమూనాలు ఎన్నాళ్ళు పడి ఉంటాయో తెలిసినవాళ్ళకి ఆ లెక్క చూస్తేనే నవ్వొస్తుంది. ఆ బిల్లుకి రాష్ట్రపతి ఆమోదం రాలేదు.

తొందరపడితే ఏమవుతుందో చెప్పడానికి ఊహాగానాలు అక్కర్లేదు, విజయవాడ పక్కనే ఉదాహరణ ఉంది. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో ఫార్మసీ చదువుతున్న అమ్మాయిని చంపారు. మరుసటి ఏడాది పోలీసులు ఒక యువకుణ్ణి పట్టుకున్నారు. ఇతను కాదు, అసలువాళ్ళు వేరే ఉన్నారని ఆ అమ్మాయి తల్లి అంటూనే వచ్చింది. 2010లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతనికే శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా వదిలేసి, లక్ష రూపాయలు ఇవ్వమంది. అప్పటికి అతను జైల్లో ఎనిమిదేళ్ళకు పైగా గడిపాడు. 2008లోనే ఆ యువకుణ్ణి ఎవరైనా కాల్చి ఉంటే ఆ రోజు కూడా పూలు పడేవి. ఈ కేసులో బిడ్డ పోయిన తల్లి, జైల్లో మగ్గిన కుర్రాడు ఒకే పక్షాన నిలబడ్డారు. బాధితుల న్యాయం వేరు, నిందితుల హక్కులు వేరు అని టీవీ చర్చల్లో అరిచేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే బాగుండును.

అయితే పద్ధతి పాటించారు కాబట్టి నోరు మూసుకోమనడం కూడా కుదరదు. అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. కేసు ఎక్కడో పట్నంలో నడిస్తే సాక్షులు రాలేరు, భయపడతారు, మాకు కనబడేచోట విచారణ జరగాలని దళితులు పోరాడారు. చివరికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. న్యాయం జరిగితే చాలదు, జరిగినట్టు కనబడాలి అన్న మాటను ఇంగ్లండు జడ్జి హెవార్ట్ 1923లో అన్నాడని పుస్తకాల్లో ఉంటుంది. దాన్ని ఆచరణలో పెట్టించింది చుండూరు మాలపల్లి. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది చొప్పున జైలు వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందరినీ వదిలేసింది. నేరం రుజువు కాలేదంది.

ఎనిమిది మంది చనిపోయింది నిజం. ఎవరు చంపారో సందేహానికి తావు లేకుండా తేలలేదన్నది తీర్పు. చట్టం భాషలో ఈ రెండు వాక్యాలూ ఒకే కాగితం మీద ఇమిడిపోతాయి. పోయినవాళ్ళ ఇంట్లో ఇమడవు. నా మట్టుకు నాకు, సందేహం వస్తే వదిలేయాలన్న సూత్రం తప్పు కాదు. ఇబ్రహీంపట్నం కేసులో కుర్రాడు బయటపడింది దానివల్లే. కానీ దర్యాప్తు ఎవరు చేశారు, ఎంత ఆలస్యంగా విచారణ మొదలుపెట్టారు, ఆ లోపల సాక్షులకి ఏమైంది అన్న ప్రశ్నలు తీర్పు కన్నా ముందే పుడతాయి. రుజువు కాలేదు అన్న మాటలో చాలాసార్లు రుజువు చేయనివ్వలేదు అన్న అర్థం కలిసే ఉంటుంది. చట్టం పై మాట ఒక్కటే రాసుకుంటుంది.

చట్టం, న్యాయం ఎప్పుడూ ఒకటి కావని రాజ్యాంగానికీ తెలుసు. 142వ అధికరణం సుప్రీంకోర్టుకి తన ముందున్న వ్యవహారంలో "సంపూర్ణ న్యాయం" చేయడానికి ఏ ఉత్తర్వైనా ఇచ్చే అధికారం ఇచ్చింది. సంపూర్ణం అన్నారంటే మామూలుగా దొరికేది అరకొర అనేగా. దీన్ని వాడే 2023 మేలో, కోలుకోలేనంతగా చెడిపోయిన కాపురాన్ని తాము నేరుగా రద్దు చేయగలమని సుప్రీంకోర్టు చెప్పింది. ఇదే అధికారంతో 1989లో భోపాల్ గ్యాస్ బాధితుల కేసును 47 కోట్ల డాలర్లకు రాజీ చేసి ముగించింది, క్రిమినల్ కేసులు కూడా కొట్టేసింది. జనం భగ్గుమన్నారు. 1991లో ఆ క్రిమినల్ కేసుల రద్దును వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. నియమాలు పక్కన పెడితే న్యాయం దానంతటదే వచ్చేస్తుందనుకునేవాళ్ళకి ఇది కూడా ఒక జవాబు.

ఇంతవరకూ జనం అనుకునే న్యాయం పెద్దది, చట్టం చిన్నది అన్నట్టు మాట్లాడుకున్నాం. తిరగబడిన సందర్భాలూ ఉన్నాయి. ఆడపిల్ల వాటా చూడండి. "కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ కింద ఇచ్చాం, ఇంకా ఆస్తిలో వాటా ఏమిటి?" అన్నది మన ఇళ్ళలో తరాలుగా న్యాయంగా చెలామణి అయిన మాట. చట్టం అక్కడ మనకన్నా ముందు నడిచింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. ఒక్క మెలిక ఉంది. ఆ తేదీకి పెళ్ళి అయిపోయి ఉంటే హక్కు లేదు. అంటే ఆ ఏడాది మే నెలలో పెళ్ళైన అక్కకి ఏమీ లేదు, డిసెంబరులో పెళ్ళైన చెల్లికి సమాన వాటా. ఒకే ఇంట్లో, ఒకే తండ్రికి పుట్టిన ఇద్దరి మధ్య గీత. ఇదేం న్యాయం అని ఆ అక్క అడిగితే చెప్పడానికి ఏ లాయరు దగ్గరా మాట లేదు. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆనాటికి తండ్రి బతికుండాల్సిన పని కూడా లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు అయిన పంపకాలను మాత్రం కదిలించరు.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నాక ఇక గొడవ ఉండకూడదు. కానీ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు ఓ పూట నిలబడితే తెలుస్తుంది. అక్కచెల్లెళ్ళు అన్నదమ్ముల పేరిట హక్కు విడుదల దస్తావేజు రాసిస్తుంటారు. ఫోటో తీస్తారు, వేలిముద్ర వేయించుకుంటారు, మీ ఇష్టప్రకారమే రాసిస్తున్నారా అని అడుగుతారు. ఆమె అవునంటుంది. ఆ అవును అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. సంతకం పెట్టమని అన్న కత్తి చూపించలేదు, బెదిరించలేదు. పెట్టకపోతే సంక్రాంతికి పిలుపు రాదని, భర్తతో గొడవొచ్చిన రోజు వెళ్ళడానికి పుట్టిల్లుండదని ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. బలవంతం, మోసం, అనుచిత ప్రభావం ఉంటే దస్తావేజు రద్దు చేయించుకోవచ్చని చట్టంలో ఉంది. పిలుపు రాదన్న భయం ఈ మూడింటిలో ఏ గదిలోనూ సరిగ్గా ఇమడదు. కొందరు నిజంగానే ఇష్టపడి వదులుకుంటారు, తమ్ముడి పరిస్థితి బాగాలేదని, అమ్మానాన్నలను వాడే చూశాడని. బయట నిలబడ్డ మనకి ఏది ఏదో తెలియదు, లోపల స్టాంపు వేసే అధికారికీ తెలియదు.

సంతకానికి ముందు ఆమెకి ఒక్కసారైనా సొంత లాయరుతో మాట్లాడే అవకాశం ఉండాలి, అన్న తెచ్చిన లాయరుతో కాదు. దానికి డబ్బు అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయం ఎంతున్నా న్యాయ సహాయం ఉచితం. మండల కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవల కమిటీలో అడగొచ్చు, లేదా 15100కి ఫోన్ చేయొచ్చు.